మేడమీది సముద్రము

లక్ష్మీ నగరుకును సముద్రమునకును ఎట్టి చుట్టరికమును లేదు. యమునకు తూర్పుగట్టున, వికాస్ మార్గము ప్రక్కన, ఒకదాని భుజముపై ఒకటి చేయివేసినట్లు నిలిచిన నాలుగంతస్తుల యిండ్లు. వాని నడుమ రెండు రిక్షాలు ఎదురైనచో ఒకటి వెనుకకు మరలవలసిన గల్లీలు. ఆ గల్లీలమీద ఆకాశమునకు బదులు విద్యుత్తీగెలు. 2010 జనవరిలో మెట్రో రైలు వచ్చిన పిమ్మట అద్దెలు పెరిగినవి, గదులు చిన్నవైనవి. లెక్కల పరీక్షలలో నెగ్గిన పిల్లల పటములు ముద్రించిన ప్రకటన పలకలు మేడల ముఖములను కప్పివేసినవి. ఇచ్చటినుండి ఏ దిక్కునకు బయలుదేరినను ఉప్పునీరు కంటబడుటకు ఇంచుమించు వేయి కిలోమీటర్లు పోవలెను.

అట్టిచోట ఒక యింటి మూడవ అంతస్తున, ముందుగదిలో తూర్పుగోడకు ఆనుకొని ఒక సముద్రము ఉన్నది. దాని పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, లోతు అడుగున్నర. అందులో పట్టు నీరు రమారమి 250 లీటర్లు. నాలుగు వైపుల గాజు, పైన నీలికాంతి చిందు దీపములు, క్రింద చెక్క బీరువాలో దాగి రాత్రింబవళ్లు మ్రోగు మోటార్లు. మొదటిసారి ఆ యింటికి వచ్చినవారు దానిని చేపలతొట్టి అందురు. ఇంటివారు ఆ మాటను దిద్దరు. అందులో చేపల పాలు మిక్కిలి తక్కువ అని వివరించుటకు పూనుకొన్నచో అతిథి చేతిలోని కాఫీ చల్లారిపోవునని వారికి అనుభవము.

ఇంటి యజమాని భీమునిపట్నమువాడు. జమాఖర్చులు తనిఖీ చేయుట ఆయన వృత్తి. 1994లో చదువునకై ఢిల్లీకి వచ్చి, వచ్చే యేడు తిరిగి పోవుదుమని అనుకొనుచునే ముప్పదియేండ్లు గడపిన తెలుగువారు ఆ నగరమున పెక్కురు కలరు; ఆయన వారిలో ఒకరు. ఊరిని తలచుకొన్నపుడు ఆయనకు ఇల్లు గాని, బడి గాని ముందుగా జ్ఞప్తికి రాదు. పోటు తగ్గినవేళ తీరపు రాళ్లగుంటలలో నిలిచిన నీరు, అందులో పూవువలె విచ్చుకొని, చేతినీడ సోకగానే ముడుచుకొను ఒక జీవి జ్ఞప్తికి వచ్చును. దానిపేరు ఆ వయసున ఆయనకు తెలియదు. ఊరిలోని పిల్లలెవ్వరికిని తెలియదు. సముద్రపు పూవు అనుకొనెడివారు.

2012లో ఆయన ఆ గాజుతొట్టిని కట్టించినపుడు మొట్టమొదట కలత చెందినవాడు క్రింది అంతస్తు పెద్దమనిషి. నీరు, రాయి, గాజు, చెక్క అన్నియు కలిపి 350 కిలోల పైమాట. ఆ పంజాబీ వృద్ధుడు మెట్లెక్కి వచ్చి, తొట్టిని చాలసేపు చూచి, “బాబూజీ, మీ సముద్రము ఎప్పుడైన మా పడకగదిలోనికి దిగునా?” అని అడిగెను. గోడవారగా, దూలము మీదుగా పెట్టించితినని యజమాని చెప్పిన తరువాత గాని ఆయనకు నిద్రపట్టలేదు. ఆ పిమ్మట మనుమలను వెంటబెట్టుకొని వారమున కొకసారి చూడ వచ్చుట ఆయనకు అలవాటయ్యెను.

సముద్రమును ఇంటిలో తయారుచేయుట వంటవంటిదే యని కొందఱు తలంతురు. కొళాయినీటిలో వంటయింటి ఉప్పు కలిపిన సముద్రము కాదు. సముద్రజలమున కిలో ఒక్కింటికి 35 గ్రాముల లవణములు ఉండును. అందులో అధికభాగము మనము తిను ఉప్పే యైనను, మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము, గంధకితములు, ఇంకను లెక్కకు అందనంత స్వల్పముగా ఎన్నియో ధాతువులు కలవు. లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైబడి కాల్షియము లేనిదే పగడపు జీవి తన గూడు కట్టుకొనలేదు. ఇట్టి మిశ్రమపుటుప్పు సంచులలో దొరకును. దానిని కలుపుటకు మాత్రము ఏమియు లేని నీరు కావలెను. అందుచేత కొళాయినీటిని రెండు మూడు జల్లెడలగుండ వడియగట్టి, అందున్న సమస్తమును తీసివేసి, మరల కావలసినవన్నియు వేయుట జరుగును. ఈ వ్యవహారము చూచి ఇల్లాలు ఒకనాడు, “ఉన్నది తీసేసి, తీసిందే మళ్లీ వేస్తారు. ఆడిటింగంటే ఇదేనా అండీ?” అని అడిగినది. ఆయన సమాధానము చెప్పలేదు.

తూర్పు ఢిల్లీ కొళాయిలలో వచ్చు నీటిలో పెద్దభాగము గంగది. ఎగువ గంగకాలువ నుండి మురాద్‌నగరు మీదుగా అది నగరమునకు చేరును. దానిని శుద్ధిచేయు కేంద్రములలో ఒకదానికి భాగీరథి యనియే పేరు. ఈ సంగతి విన్ననాడు యజమాని తల్లి మిక్కిలి సంతసించినది. ఆమె అప్పటికి భీమునిపట్నమున ఇల్లు అమ్ముకొని కొడుకువద్దకు వచ్చి ఒక యేడు. వచ్చిననాడు తొట్టిని చూచి, “ఏటి నాయనా ఇది, సంద్రాన్ని తెచ్చి గాజుపెట్టెలో పెట్టీసినావు!” అని నొచ్చుకొన్న మనిషి. గంగయే వచ్చి అందులో కలియుచున్నదని తెలిసిన పిమ్మట ఆమెకు ఆ అభ్యంతరము పోయినది. భగీరథుడు తెచ్చిన గంగ చివరకు పోయి చేరినదెచ్చటికి? సముద్రమునకే గదా. అది లక్ష్మీ నగరున ఉండరాదని ఏ పురాణమునను లేదు.

నీరు పోసిన వెంటనే జీవమును విడువరాదు. ఇది తెలియక చేపలను వెంటనే వేసి, వారము తిరుగకమునుపే ఒక్కొక్కదానిని చేతితో తీసి పారవేసినవారు కలరు. చేప విసర్జించునదియు, తినక వదలినదియు కుళ్లి అమోనియా యగును. అది విషము. కంటికి కనబడని ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియును విషమే. మఱియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది కొంతమేరకు సహింపదగినది. ఈ రెండు తెగలును రాళ్ల రంధ్రములలో కాపురముండి వృద్ధిపొందుటకు ఐదారు వారములు పట్టును. అంతవరకు తొట్టిలో నీరును, రాయియు తప్ప ఏమియు ఉండదు. ఆ దినములలో యజమాని నిత్యము సాయంకాలము కుర్చీ వేసికొని ఆ వట్టినీటి యెదుట కూర్చుండెడివాడు. ఆవకాయ పెట్టి మూడవనాడు జాడీ మూత తీయువరకు ఓపిక పట్టలేని మనిషి, నీరు ఊరుటకై నలువది దినములు నిరీక్షించుట ఆ యింట వింతగా చెప్పుకొందురు.

ఇక పగడములు. తెలుగువారికి పగడమనగా నవరత్నములలో ఒకటి, కుజునకు ప్రీతియైనది, మంగళసూత్రమున నల్లపూసల నడుమ ఎఱ్ఱగా కనబడునది. యజమాని తల్లి మెడలోను అట్టివి రెండు కలవు. ఆ ఎఱ్ఱ పగడము మధ్యధరా సముద్రమువంటి నీళ్లలో లోతున పెరుగు వేఱొక జాతి; దిబ్బలు కట్టు పగడములకు అది దాయాదియే గాని తోబుట్టువు కాదు. హిందీలో దీనిని మూంగా యందురు. ఈ మేడపై మూంగా పెంచుదురని ఎవరో చెప్పగా, మూంగ్, అనగా పెసలు, పెంచుచున్నారు కాబోలునని తలచి, కూరలబండివాడు ధర యడుగుటకు మూడంతస్తులు ఎక్కి వచ్చిన కథ ఆ గల్లీలో నేటికిని చెప్పుదురు. సంస్కృతమున ప్రవాళమను మాటకు పగడమనియు, లేతచిగురనియు రెండర్థములు కలవు. మాట పుట్టించినవారికి అది మొక్కగా తోచినదేమో. అట్లు తోచినది వారికి మాత్రమే కాదు. 18వ శతాబ్దపు తొలి దశకములలో ఫ్రాన్సున పెయ్సొనెల్ అను వైద్యుడు, పగడపు కొమ్మలపై విచ్చుకొనునవి పూవులు కావు, జంతువులు అని వాదించెను. ఆ వాదమును విద్వత్సభకు నివేదించిన రియోమ్యూర్ అను పండితుడు, నవ్వులపాలగునని తలచి, దానిని చేసినవాని పేరైన చెప్పలేదు. పెయ్సొనెల్ చెప్పినదే నిజమని లోకము ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది.

నిజమునకు అది జంతువే. కాని దాని కడుపున మొక్క కాపురమున్నది. పగడపు జీవి చర్మములోపల ఏకకణశైవలములు లక్షలుగా నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి, అందులో అధికభాగము ఇంటియజమానికి అద్దెగా చెల్లించును. అందుచేతనే పగడములకు ఎండ కావలెను, తేటనీరు కావలెను. తెలుగుతీరమున పగడపు దిబ్బలు లేకపోవుటకు గోదావరి, కృష్ణలు తెచ్చు బురదనీరు ఒక ముఖ్యకారణము. దేశమున అవి గల చోట్లు నాలుగే యని చెప్పవచ్చును: కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, దానిని చేర్చి పాక్ అఖాతము, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు.

2013లో యజమాని ఒక అంగడినుండి మూడు పగడపు ముక్కలను, ఒక ఆల్చిప్పను తెచ్చెను. ఆ ఆల్చిప్ప ట్రైడాక్నా మాక్సిమా యను జాతికి చెందినది. అప్పటికి దాని పొడవు నాలుగంగుళములు. చిప్పలు తెఱచి, నెమలికంఠమువలె నీలమును ఆకుపచ్చయు కలిసిన పెదవిని వెలుగువైపు చాపి, అది రాళ్లనడుమ దినమెల్ల కూర్చుండెడిది. పగడములకువలె దానికిని లోపల శైవలపు వంటవాండ్రు కలరు. ఆ పెదవి యంచున సూదిమొన యంతేసి కన్నులు వందలకొలది ఉండును. రూపములను అవి ఏమాత్రము గుర్తించునో గాని, నీడను మాత్రము తప్పక గుర్తించును. సాయంకాలము యజమాని తల్లి దేవునిగదిలోనికి దీపము పట్టుకొని పోవునపుడు ఆమె నీడ గాజుపై పాకును. ఆల్చిప్ప చప్పున ముడుచుకొనును. ఆమె ఆగి, “నేనేలే, తెరుసుకో” అనును. కొంతసేపటికి అది తెఱచుకొనును. నాలుగేండ్లు నిత్యము జరిగిన ఈ తంతును చూచి, దానికి ముసలామె మాట తెలియునని మనుమలు నమ్మిరి.

ఇంటిలో సముద్రమును పెంచుట నేటి వేడుక కాదు. 1846లో ఇంగ్లండున ఆనా థిన్ అను గృహిణి టార్కే తీరమునుండి పగడపు జీవులను ఒక జాడీలో లండనుకు తెచ్చినది. నీటికి ప్రాణవాయువు అందించు యంత్రములు ఆనాడు లేవు. తెఱచిన కిటికీ యెదుట నిలిచి, ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు అరగంట, ముప్పావుగంట సేపు నీరు పోయుచుండుట ఆమె యింటి పనిపిల్ల దినచర్య అయ్యెను. చరిత్రకారులు ఆనా థిన్ పేరు భద్రపఱచిరి. ఆ పనిపిల్ల పేరు ఎవరును వ్రాసిపెట్టలేదు. తరువాత ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో అక్వేరియమును గూర్చి గొప్ప పుస్తకము వ్రాసెను. ఉప్పులు కలిపి సముద్రజలము తయారుచేయు విధమును చెప్పెను. ఆ పుస్తకము చదివిన జనము బుట్టలు, సుత్తులు పట్టుకొని తీరముల మీద పడిరి. తన తండ్రి ప్రేమించిన రాళ్లగుంటలు ఆ తాకిడికి వట్టిపోయినవని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు. ప్రేమించినవాడే దారి చూపి పాడుచేసిన ఉదాహరణములలో ఇది ఒకటి.

2017 వర్షకాలమున ఒక దినము యజమాని వృత్తిపనిమీద వన్యప్రాణి సంరక్షణ చట్టమును చూడవలసి వచ్చెను. అది 1972 నాటి చట్టము. దాని మొదటి షెడ్యూలున పులి, సింహము, ఏనుగు ఉండునని అందఱికిని తెలియును. 2001 జూలైలో ఆ షెడ్యూలున చేర్చిన సముద్రజీవుల పేర్లు ఆయన అంతకుముందు చదువలేదు. దిబ్బలు కట్టు రాతిపగడములు అన్నియు, నల్లపగడములు అన్నియు, సముద్రపు విసనకఱ్ఱలు అన్నియు, క్రింద, గవ్వలు శంఖముల వరుసలో, ట్రైడాక్నా మాక్సిమా. కాగితముపై ఆ పేరు చూచి ఆయన కన్నద్దములు తీసి తుడుచుకొని మరల చదివెను. పులిని చంపినవానికి చెప్పిన శిక్షయే దీనికిని: మూడేండ్లకు తక్కువకాని, ఏడేండ్లవరకు పొడిగింపదగిన కారాగారము.

చట్టము తెలియదనుట చట్టమున చెల్లదు. తన యొద్దకు వచ్చు వర్తకులకు ఈ మాట ఆయన వందసార్లు చెప్పియుండును. అంగడివాని నడుగగా, అది విదేశపు సరుకని అతడు చెప్పెను. విదేశపుదైనను అంతర్జాతీయ ఒప్పందము ననుసరించి అనుమతిపత్రము ఉండవలెను, పత్రమేదనగా నవ్వెను. ఆ రాత్రి ఆయన తొట్టి యెదుట చాలసేపు కూర్చుండెను. ఏ లక్షద్వీపపు లోతులేని మడుగునుండియో ఎవరో ఉలితో పెకలించి, సంచిలో మూటగట్టి పంపిన దానిని తాను నాలుగేండ్లు ప్రేమగా సాకుచున్నాడు. తాను కొన్న రూపాయలే ఆ ఉలికి కూలి. ఈ లెక్క ఎట్లు తిప్పి వేసినను సరిపోలేదు.

మఱి ఏమి చేయవలెను? సముద్రమున విడుచుటకు ఢిల్లీలో సముద్రము లేదు. ఉన్నను, తొట్టిలో పెరిగినదానిని సముద్రమున వదలుట మంచిది కాదు. దానితోపాటు ఏ వ్యాధి పోవునో ఎవరెఱుగుదురు? చంపివేయుట మఱింత తప్పు. అంగడికి తిరిగి యిచ్చినచో మఱియొక యింటికి పోవును. ఇల్లాలు, “ఎవరికి తెలుస్తుందండీ, ఊరుకోండి” అనినది. ఆమె తల్లివైపు బంధువు, చట్టము చదివినవాడు, మాటాడక యుండుటయే మేలనెను. ఊరకుండుట సులభము. ఆయన నగరములోని ఒక కార్యాలయమునకు పోయి, ఉన్నదున్నట్లు వ్రాసి, ఆ జీవులను ఏమి చేయవలెనో సెలవిండని అర్జీ యిచ్చి వచ్చెను. జవాబు రాలేదు. రెండుసార్లు జ్ఞాపకపత్రములు పంపెను. ఆ యేడు గడచిపోయెను. ఈలోగా తొట్టికి దీపము వెలిగించునపుడెల్ల ఆయన చేయి ఒక క్షణము ఆగుట ఇల్లాలు గమనించినది.

2018 జూన్‌లో ఒక రాత్రి పదునొకండు గంటలకు గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మరు ప్రేలి, ఆ పేటకు కరెంటు పోయెను. వేసవిలో లక్ష్మీ నగరు ఇండ్లు పగలంతయు పీల్చుకొన్న వేడిని రాత్రియంతయు విడుచును. ఇన్వర్టరు అప్పటికే కూలరు నడిపి అలసియున్నది, అరగంటలో ఆగిపోయెను. నీటి కదలిక నిలిచినచో తొట్టిలోని ప్రాణవాయువు తఱుగును. చీకటిలో శైవలములును ప్రాణవాయువును తినునవే గాని యిచ్చునవి కావు. గంట గడచునప్పటికి చేపలు పైకి వచ్చి నోరు తెఱచుచుండెను. అపుడు ఇల్లాలు వంటయింటినుండి ఇత్తడి చెంబు తేబోయి, ఇత్తడిలోని రాగి ఈ జీవులకు విషమని భర్త ఎప్పుడో చెప్పినమాట జ్ఞప్తికి వచ్చి, దానిని వదలి ఉక్కుచెంబు తెచ్చినది. బల్లమీద నిలిచి, నీరు ముంచి, మూరెడెత్తునుండి తొట్టిలో పోయుట మొదలుపెట్టినది. చేతులు నొచ్చినపుడు భర్త, ఆయన అలసినపుడు డెబ్బదియేండ్ల అత్తగారు. ఆమె బల్ల యెక్కలేక కుర్చీలో కూర్చుండియే పోసినది. లండనులోని పనిపిల్ల ముప్పావుగంట చేసిన పనిని ముగ్గురును కలిసి తెల్లవాఱు నైదు గంటలవరకు చేసిరి.

చేపలు బ్రతికినవి. నీటి వేడిమి మాత్రము 33 డిగ్రీలు దాటినది. మూడవనాడు ముసలామె దీపము పట్టుకొని పోవుచుండగా ఆల్చిప్ప ముడుచుకొనలేదు. ఆమె ఆగి, నిలిచి, కొడుకును పిలువక, దేవునిగదిలోనికి పోయి దీపము పెట్టి, అచ్చటనే కూర్చుండిపోయినది.

చచ్చిన తరువాతను చట్టము దానిని వదలదు. చిప్పను ఇంటిలో ఉంచుకొనుటయు నేరమే. పగడపు ముక్కలును అప్పటికి ఎముకలవలె తెల్లబడియుండెను. యజమాని వానినన్నిటిని కడిగి, గుడ్డలో చుట్టి, పాత అర్జీల నకళ్లతో కూడ ఆ కార్యాలయమునకు పట్టుకొనిపోయెను. బల్లవద్ద నున్న ఉద్యోగి మూట విప్పించి, పగడపు ముక్కను చేత తిప్పి చూచి, “యే పత్థర్ హై యా జానవర్?” అని అడిగెను. రాయా, జంతువా అని. ప్రశ్న నిష్కపటమైనది. మూడువందల యేండ్లనాడు ఫ్రాన్సు విద్వత్సభలో ఏ సందేహమునకై ఒక వైద్యుడు తలవంచుకొనవలసి వచ్చెనో ఆ సందేహమే. యజమాని నిలువుకాళ్లపై అరగంట చెప్పెను. ఉద్యోగి శ్రద్ధతో వినెను. లోపలినుండి మఱియొకరిని పిలిచి వినిపించెను. చివరకు రసీదు వ్రాయుచు, జంతువు అని వ్రాసి, కొంచెమాలోచించి, మృతము అని చేర్చెను. ఆ రసీదు నేటికిని ఆయన బీరువాలో, ఇంటిపన్ను కాగితములతోపాటు భద్రముగా ఉన్నది.

ఆ పిమ్మట తొట్టిని తీసివేయుదురని అందఱును అనుకొనిరి. ఆయన రాళ్లను మార్చెను. పూర్వపు రాళ్లును పగడపు అస్థులే గనుక వానినిగూడ అప్పగించి, కుమ్మరిమన్నువలె కాల్చిన కృత్రిమశిలలు తెచ్చెను. నలువది దినములు మరల వట్టినీరు. రాతిపగడము లేదు, ఆల్చిప్ప లేదు. తొట్టి యిపుడు బోడిగా కనబడునని పాత అతిథులు అందురు, అది నిజమే. మిగిలినవి చట్టపు పట్టికలోనికి ఎక్కని ఒక సముద్రపుష్పము, అనగా భీమునిపట్నపు రాళ్లగుంటలోని జీవికి దూరపు చుట్టము, మఱియు 2015 నుండియున్న రెండు విదూషక మత్స్యములు. ఇవి సముద్రమున పట్టినవి కావు, పెంపకపు కేంద్రమున పుట్టినవి. నారింజవర్ణపు మేనిపై తెల్లని పట్టెలు గల ఈ చేపలను గుడ్లనుండి పెంచు విద్య మన దేశమునను కలదు. మండపము, విళింజము మొదలగుచోట్ల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దానిని సాధించిరి. సముద్రమునుండి దోచుకొనక వేడుక తీర్చుకొను మార్గము ఇదొక్కటియే ఉన్నట్లు తోచును.

ఢిల్లీ వేసవికిని తొట్టికిని ఉన్న సంబంధము విచిత్రమైనది. వైశాఖ జ్యేష్ఠములలో లూ యను వడగాలి వీచునపుడు నీటిపై చిన్న విసనకఱ్ఱ త్రిప్పినచో చాలును. నీరు ఆవిరియగుచు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. అయితే పోవునది నీరు మాత్రమే, ఉప్పు పోదు. అందుచే ప్రొద్దున సాయంకాలము మంచినీరు చేర్చనిచో సముద్రము మెల్లమెల్లగా చిక్కబడిపోవును. శ్రావణమున గాలి చెమర్చినపుడు విసనకఱ్ఱ పనికిరాదు. అందుకై ఆయన ఒక శీతలయంత్రము కొనెను. 2024 మే నెలలో అదియు ఓడిపోయినది. 29వ తేదీన సఫ్దర్‌జంగులో 46.8 డిగ్రీలు. ఇంటింట యంత్రములు మ్రోగుచుండ వోల్టేజి చాలక అది మాటిమాటికి ఆగిపోయెడిది. తొట్టిలో 31 డిగ్రీలు నిలిచిపోయినవి. రెండు వారములలో సముద్రపుష్పపు గోధుమరంగు వెలిసి, అది సుద్దవలె తెల్లనయ్యెను. వేడిమి మితిమీఱినపుడు ఇట్టి జీవులు తమ లోపలి శైవలములను వెళ్లగొట్టును. వంటవానిని వెళ్లగొట్టి పస్తుండుటవంటిది. వెంటనే చావదు. త్వరలో చల్లబడినచో కోలుకొనును, లేనిచో ఆకలితో పోవును.

ఆ నెలలోనే లక్షద్వీపపు పగడములు విరివిగా తెల్లబడినవని అదే పరిశోధన సంస్థవారు ప్రకటించిరి. అంతకుముందటి అక్టోబరు చివరినుండి అచ్చటి సముద్రము కాగుచునే ఉండెనట. ఏప్రిల్ 15న అమెరికా శాస్త్రజ్ఞులు, లోకమంతటను పగడములు వెలిసిపోవుట ఇది నాలుగవసారి యని ప్రకటించి యుండిరి. లక్షద్వీపములకు 1998, 2010, 2016 లలో తగిలిన దెబ్బ మరల తగిలినది. షెడ్యూలున పేరెక్కించి, ఉలిపట్టువానిని కారాగారమునకు పంపవచ్చును. కాగిన సముద్రమును ఏ కార్యాలయమునకు పిలిచి విచారింతురు? యజమాని పత్రిక మడచి ప్రక్కన పెట్టి, మంచుగడ్డలు నింపిన సీసాలు తెచ్చి నీటిలో తేల్చెను. ఆ పని రాత్రి రెండుసార్లు, పగలు మూడుసార్లు, నెలదినములు చేసెను. ఇంటి కూలరును, ఇంటి శీతలయంత్రమును ఆపి, తొట్టికి కరెంటు మిగిల్చిన రాత్రులును కలవు. ఈ మేడగదులు కాగినది కొంతవఱకు ఇరుగుపొరుగు యంత్రముల వేడికే. తొట్టికై త్రిప్పిన యంత్రమును ఆ వేడికి తనవంతు చేర్చినదే. ఆ లెక్కయు ఆయనకు తెలియును.

సెప్టెంబరుకు సముద్రపుష్పమునకు అడుగునుండి మెల్లగా రంగు తిరిగివచ్చెను. చలికాలమున అది రెండుగా చీలినది. ఈ జాతికి అట్లు చీలి పెరుగు స్వభావము కలదు. అందులో నొకదానిని ఆయన షాహ్‌దరా నుండి వచ్చిన ఒక కాలేజి కుఱ్ఱవానికి ఇచ్చెను. ఇచ్చుటకు మునుపు చట్టపు పట్టిక నకలు అతనిచేత ఆమూలాగ్రము చదివించెను. కుఱ్ఱవాడు పరీక్షకంటె భయపడుచు చదివి, సంచిని గుండెలకు హత్తుకొని మెట్రో ఎక్కెను.

విదూషక మత్స్యములు పుట్టునపుడు అన్నియు మగవే. జంటలో పెద్దది ఆడుదగును. అది పోయినచో మగడే ఆడుదై, మఱియొక చిన్నచేప మగడగును. ఈ సంగతి విన్న ముసలామె చాలసేపు నవ్వి, మరల చెప్పించుకొని, మరల నవ్వినది. ఇటీవల ఒక సాయంకాలము ఆ జంట, సముద్రపుష్పము ప్రక్కనున్న మట్టిమూకుడును నోటితో రుద్ది శుభ్రపఱచి, గుడ్లను వరుసగా అతికించెను. వానిని కాచునది మగచేప. వారము, ఎనిమిది దినములు, అది తిండియైన సరిగా తినక, రెక్కలతో గుడ్లకు గాలి విసరుచు, చెడినవానిని ఏఱి పాఱవేయుచు ఉండును. గుడ్లు చిట్లుట ప్రొద్దుగ్రుంకిన తరువాత, చీకటిలో.

ఎనిమిదవ రాత్రి ఇంటిలో దీపములన్నియు ఆర్పి, నలుగురును చాపమీద కూర్చుండిరి. మనుమడు గుసగుసలాడగా నాయనమ్మ వాని నోరు మూసినది. గుడ్లలో వెండిచుక్కలవలె కన్నులు కదలుచున్నట్లు టార్చివెలుగున కనబడెను. అంతలో మోటార్ల మ్రోత ఒక్కసారిగా ఆగిపోయెను. గల్లీయంతయు నల్లనయ్యెను. ఎవరో క్రిందినుండి, “ఫిర్ గయీ!” అని కేకవేసిరి. బీరువాలోని బ్యాటరీ పంపు దానంతటదియే మేలుకొని గుఱ్ఱుమని మొదలుపెట్టెను; అందుకొరకే యజమాని దానిని అమర్చియుండెను. అయినను ఇల్లాలు చీకటిలో తడవుకొనుచు పోయి, బీరువాపై 2018 నుండియు కదలక యున్న ఉక్కుచెంబును తెచ్చుకొని, ఒడిలో పెట్టుకొని, దీపములు వచ్చువరకు తొట్టిప్రక్కనే కూర్చుండెను.